తాత పెట్టెలో దొరికిన పాత తోపడలు: ఏ కాలంవి, ఎంతకు అమ్మాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. తాతగారి పనిముట్ల పెట్టెలో నాలుగు తోపడలు, అంటే చెక్కను చిత్రిక పట్టి నునుపు చేసే పనిముట్లు, దొరికాయి. రెండు ఇనుపవి, రెండు చెక్కవి. తిరుపతిలో పాత సామాను కొనే ఒకాయన నాలుగూ కలిపి 1,500 రూపాయలు ఇస్తానన్నాడు. అవి ఏ కాలంవి, ఆ ధర న్యాయమేనా, అమ్మే ముందు తుప్పు గీకించి రంగు వేయించాలా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఆ ధరకు ఇవ్వొద్దు. నాలుగూ కలిపి ఒక్కరికే కట్టబెట్టొద్దు. రంగు అసలే వేయించొద్దు. మీరు రాసిన గుర్తుల ప్రకారం పెద్ద ఇనుప తోపడ బాడీ 1910–1918 మధ్య అమెరికాలో స్టాన్లీ కంపెనీ పోత పోసిన నంబర్ 5 రకం. అందులో ఉన్న బ్లేడు మాత్రం దానితో పుట్టింది కాదు, తర్వాతెప్పుడో మార్చింది. చిన్నది ఇంగ్లండులో తయారైన స్టాన్లీ నంబర్ 4, అంటే 1930ల చివరి తర్వాతది. పొడుగు చెక్క తోపడలో విలువ చాలావరకు ఇంగ్లండులోని షెఫీల్డ్ ఊళ్ళో తయారైన దాని బ్లేడుదే. అంచులకు నగిషీ తీసే సన్న తోపడ సంగతి ఫొటో లేకుండా చెప్పలేను.

మాది చిత్తూరు. వడ్రంగం మా ఇంటి పని. పాత తోపడలు కొనడం, బాగుచేసి వాడుకోవడం, నాకు అక్కర్లేనివి అమ్మడం చాలా ఏళ్ళుగా చేస్తున్నాను. మన జిల్లాల్లో మంచి మంచి తోపడలు తూకానికి వెళ్ళిపోతుంటే చూడలేక కొంచెం వివరంగా రాస్తున్నాను.

తోపడ వయసు చెప్పేటప్పుడు చాలామంది తడబడేది ఒకేచోట. దానికి ఒక్కటే పుట్టిన సంవత్సరం ఉంటుందనుకుంటారు. పనిలో తిరిగిన తోపడకు బ్లేడు అరిగితే కొత్తది వేస్తారు, పిడి విరిగితే ఇంకోటి చెక్కి బిగిస్తారు, మర పోతే పాడైన మరో తోపడలోంచి తెచ్చి పెడతారు. ఒక మేస్త్రి చేతిలో ముప్పై నలభై ఏళ్ళు నడిచిన తోపడలో అన్ని భాగాలూ ఒకే కాలానివి ఉండటం అరుదు. అందుకే నేను ముందు బాడీ చూస్తాను, తర్వాత ఫ్రాగ్ (బ్లేడు ఆనుకునే దిమ్మ), తర్వాత పిడులు, అన్నిటికంటే చివర బ్లేడు మీది పేరు. బ్లేడు మీది ముద్ర చూసి మొత్తం తోపడకు వయసు కట్టేస్తే తప్పు లెక్క వస్తుంది. బ్లేడే అన్నిటికంటే తొందరగా మారే భాగం మరి.

మీ నంబర్ 5 సంగతే తీసుకుందాం. బ్లేడును పైనుంచి నొక్కి పట్టే లివర్ క్యాప్ ఎత్తి, బ్లేడునూ దాని మీద రేకునూ కలిపి బయటికి తీస్తే, బ్లేడు ఆనుకుని కూర్చునే ఏటవాలు దిమ్మ కనబడుతుంది. అదే ఫ్రాగ్. దాని వెనక, పిడికి ముందు, బాడీలోనే పోతగా వచ్చిన అక్షరాలున్నాయని రాశారు. మూడు తేదీలు: మార్చి 25, 1902; ఆగస్టు 19, 1902; ఏప్రిల్ 19, 1910. ఇవి పేటెంటు తేదీలు. తోపడ ఆ రోజు తయారైందని వాటికి అర్థం లేదు, అంతకంటే ముందు తయారై ఉండదని మాత్రమే అర్థం. అమ్మేవాళ్ళు వీటిని చూపించి ‘1902 నాటిది’ అని ధర పెంచుతుంటారు. నమ్మకండి. రెండు 1902 తేదీలు మాత్రమే ఉంటే అది 1902–1909 మధ్యది. 1910 తేదీ కూడా చేరి మూడయితే 1910 తర్వాతది.

ఇక మూడు తేదీలున్న వాటిలోనూ రెండు రకాలున్నాయి. ముందు వైపు చేత్తో పట్టుకునే గుండు పిడి పొట్టిగా, అణిగినట్టు ఉండి, వెనక బ్లేడును దించే ఇత్తడి చక్రం అడ్డంగా కొలిస్తే ఒక అంగుళం ఉంటే అది 1910–1918 రకం. సేకరించేవాళ్ళు దీన్ని టైప్ 11 అంటారు. గుండు పొడుగ్గా లేచి, చక్రం అంగుళంపావు ఉంటే 1919–1924 మధ్య వచ్చిన టైప్ 12. మీరు గుండు పొట్టిగా ఉందని, చక్రం అంగుళమే ఉందని రాశారు. లివర్ క్యాప్ మీద ఏ పేరూ లేదన్నారు. అదీ సరిపోతోంది, ఎందుకంటే లివర్ క్యాప్ మీద స్టాన్లీ పేరు పోతలో రావడం 1925 ప్రాంతంలో మొదలైంది.

బ్లేడు మీద గుండె ఆకారంలో ఎస్.డబ్ల్యు. అక్షరాలున్నాయి కదా, అక్కడే లెక్క తప్పుతోంది. స్టాన్లీ రూల్ అండ్ లెవెల్ కంపెనీ 1920లో స్టాన్లీ వర్క్స్‌లో కలిసిపోయాక ఆ గుర్తు వచ్చింది. స్టాన్లీ వర్క్స్‌కు చాలాకాలం అధ్యక్షుడిగా ఉన్న విలియం హార్ట్ పేరును తలపించేలా హృదయం గుర్తు పెట్టుకున్నారు. 1930ల మధ్య వరకు అది నడిచింది. కాబట్టి మీ తాతగారో, ఆయనకంటే ముందు వాడినాయనో మొదటి బ్లేడును అరగదీసేసి ఇది తెచ్చి వేశారు. పని చేసుకునేవాడికి దీనివల్ల ఏ నష్టమూ లేదు, ఆ కాలపు బ్లేడు ఉక్కు చక్కగా పదును నిలుపుతుంది. అన్ని భాగాలూ ఒకే కాలానివి కావాలనే సేకరణదారుడు మాత్రం ధర కొంచెం తగ్గిస్తాడు. మీరే ముందుగా ఈ విషయం చెప్పి అమ్మండి.

ఈ జవాబు చదివే మిగతావాళ్ళకు కూడా పనికొస్తాయని ఇంకొన్ని గుర్తులు రాస్తున్నాను. ఇవన్నీ అమెరికా స్టాన్లీకే.

లియోనార్డ్ బెయిలీ అనే ఆయన కనిపెట్టిన తోపడల హక్కులను స్టాన్లీ 1869లో కొన్నది. అందుకే ముందు భాగంలో బెయిలీ పేరు పోతలో కనిపిస్తుంది. అయితే ఆ పేరు బాడీ మీదికి వచ్చింది 1902 నుంచే. బ్లేడును పక్కకు వాల్చే సన్న లివరు అసలు లేకపోతే, ఎవరో విరగ్గొట్టకపోతే, అది 1885కు ముందుది. అలాంటిది దొరికితే గట్టిగా పట్టుకోండి. లివర్ క్యాప్ రంధ్రం మూత్రపిండం ఆకారంలో ఉంటే ఆ క్యాప్ 1933 తర్వాతది. ఇత్తడి ఉండాల్సినచోట నల్ల రబ్బరు చక్రమో ఇనుమో ఉండి, పిడులు రోజ్‌వుడ్ కాకుండా రంగేసిన మామూలు గట్టి కర్రవి అయితే అది 1942–45 యుద్ధకాలపు తయారీ. చూడ్డానికి మోటుగా ఉంటుంది, పోత కాస్త మందం, పనికి మాత్రం భేషుగ్గా ఉంటుంది. బాడీలోపల నీలం రంగు ఉంటే 1960లు, ఆ తర్వాత.

ఇంగ్లండు స్టాన్లీకి ఈ లెక్కలు వర్తించవు. మీ నంబర్ 4 అదే. స్టాన్లీ కంపెనీ షెఫీల్డులో అడుగుపెట్టింది 1930ల రెండో సగంలో. మేడ్ ఇన్ ఇంగ్లండ్ అని ఉంటే అక్కడినుంచి లెక్క మొదలు. పిడులు కర్రవైతే ఎక్కువగా 1970లకు ముందువి, తర్వాత ప్లాస్టిక్ పిడులు వచ్చాయి. అంతకంటే కచ్చితంగా సంవత్సరం చెప్తామనేవాళ్ళ మాట పట్టించుకోకండి. నీలం రంగు ‘రికార్డ్’ బ్రాండు తోపడలు కూడా మన వైపు బాగానే దొరుకుతాయి. షెఫీల్డులోని సి అండ్ జె హాంప్టన్ వాళ్ళు 1930ల మొదట్లో వీటిని మొదలుపెట్టారు. నంబరు ముందు సున్నా ఉంటుంది, 04, 05 అని. పనితనంలో స్టాన్లీకి ఏమాత్రం తీసిపోవు. నన్నడిగితే ఒకే ధరకు ఇంగ్లండు స్టాన్లీ, పాత రికార్డ్ రెండూ ఎదురుగా ఉంటే రికార్డే తీసుకుంటాను.

బాడీ చెంప మీద కొట్టిన అచ్చులు కూడా చూడండి. పాకాల, రేణిగుంట వైపు రైల్వే పనివాళ్ళ ఇళ్ళనుంచి వచ్చే పనిముట్ల మీద ఒక్కోసారి ఎస్.ఐ.ఆర్. అనో ఎం.ఎస్.ఎం. అనో ఉంటుంది. సౌత్ ఇండియన్ రైల్వే, మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే రెండూ 1951లో సదరన్ రైల్వేలో కలిసిపోయాయి. కాబట్టి ఆ అచ్చున్న పనిముట్టు అంతకుముందే ఇక్కడికి చేరిందని తేలుతుంది. బాణం తల లాంటి గుర్తుంటే అది బ్రిటిష్ సర్కారు సొత్తుగా వచ్చింది. ఇలాంటి అచ్చులను గీకేస్తే తోపడ చరిత్ర పోయినట్టే. ఇంటిపేరు మొదటి అక్షరాలు చేత్తో పొడిచి ఉన్నా అలాగే వదిలేయండి.

ఇప్పుడు వయసు కంటే ముఖ్యమైన విషయానికి వస్తాను. కొనేవాడు డబ్బు పెట్టేది బాగా పనిచేసే తోపడకు. వందేళ్ళ తోపడకు నోటి దగ్గర పగులుంటే అరవై ఏళ్ళ మంచి తోపడ ధరలో పావు కూడా రాదు. పోత ఇనుము కిందపడితే వంగదు, పగులుతుంది. పగులు ఎక్కువగా వచ్చేది మూడు చోట్ల: పొట్టు బయటికి వచ్చే నోటి మూలల్లో, రెండు పక్కల చెంపల మీద, వెనక పిడి మర దిగే చోట. పాత పగుళ్ళలో తుప్పూ నూనె మురికీ నిండిపోయి ఉంటాయి కాబట్టి కంటికి ఆనవు.

నేను చూసే పద్ధతి ఇది. భాగాలన్నీ విప్పేసి, ఖాళీ బాడీని రెండు వేళ్ళ మీద వదులుగా వేలాడదీసి, స్క్రూడ్రైవర్ పిడితో చెంప మీద తడతాను. బాగున్న పోత ఖంగుమని మోగి ఆ మోత కాసేపు నిలుస్తుంది. పగులుంటే శబ్దం పొట్టిగా, చచ్చినట్టు ఆగిపోతుంది. అనుమానం వస్తే రెండో పరీక్ష. నోటి చుట్టూ, చెంపల మీద కిరసనాయిలు బాగా రాస్తాను. కిరసనాయిలు దొరక్కపోతే డీజిల్. పావుగంట ఆగి, పాత గుడ్డతో పొడిగా తుడిచేసి, దానిమీద సన్నటి ముగ్గుపిండి జల్లెడ పట్టినట్టు చల్లుతాను. పగులు లోపలికి దిగిన నూనె నెమ్మదిగా బయటికి ఊరి, తెల్లటి పిండి మీద వెంట్రుకంత సన్నని తడి గీత పడుతుంది. గీత పడలేదంటే ధైర్యంగా కొనొచ్చు, ధైర్యంగా అమ్మొచ్చు. కొనేవాడికి ఈ పరీక్ష ఫొటో పెట్టి పంపితే బేరమాడటం సగం తగ్గిపోతుంది. మీ రెండు ఇనుపవాటికీ ఇది చేసి చూడండి.

పగులును ఎప్పుడో ఇత్తడితో అతికించి ఉంటే అడుగున పసుపుపచ్చ గీత కనబడుతుంది. బాగా చేసిన అతుకు చాలా ఏళ్ళు నిలుస్తుంది, వాడుకోవడానికి అడ్డు లేదు. ధర మాత్రం సగానికి పడుతుంది.

తర్వాత బ్లేడు. నడుమ ఉన్న పొడుగు గాడి కింది కొసనుంచి పదును అంచు దాకా ఎంత ఉక్కు మిగిలిందో చూడండి. అంగుళం పైన ఉంటే ఇంకా ఎన్నో ఏళ్ళు పనిచేస్తుంది. బ్లేడు వెనక వైపు, అంచుకు దగ్గర్లో తుప్పు తిన్న గుంటలుంటే అసలు ఇబ్బంది అదే. గుంట అంచుదాకా వచ్చిందంటే పదును అక్కడ తెగిపోయి, ఎంత బాగా సాన పట్టినా చెక్క మీద సన్న గీతలు పడుతూనే ఉంటాయి. బ్లేడు పైభాగం మీద తుప్పు మచ్చలుంటే దిగులు అక్కర్లేదు. అడుగు చదునుగా ఉందో లేదో చూడాలంటే స్టీలు స్కేలును అంచు మీద నిలబెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. ముందు కొస, నోటి ముందు భాగం, వెనక కొస, ఈ మూడూ స్కేలును తాకితే చాలు. మధ్యలో కాస్త వెలుతురు కనిపించినా పని ఆగదు.

మరల విషయంలో ఒక హెచ్చరిక. పాత స్టాన్లీ మరలు మన హార్డ్‌వేర్ కొట్లలో దొరికే కొలతలవి కావు. ఒకటి పోయిందంటే ఇంకో పాత తోపడ నుంచే తేవాలి. విప్పేటప్పుడు ఒక పళ్ళెంలో వేసుకోండి. బ్లేడును దించే ఇత్తడి చక్రానికి ఎడమ మర ఉంటుంది, అంటే మామూలు దానికి తలకిందులుగా తిరుగుతుంది. ఈ సంగతి తెలియక పట్టకారుతో బలంగా తిప్పి మర చెడగొట్టినవి నా దగ్గరికి ఎన్నో వచ్చాయి. బిగుసుకుపోతే ఒక చుక్క పల్చటి నూనె వేసి రాత్రంతా వదిలేయండి.

తుప్పు గురించి. అమ్మే ఉద్దేశం ఉంటే తక్కువ శుభ్రం చేయడమే లాభం. గ్రైండరుకు వైరు బ్రష్ తగిలించి మెరిపించడం, సిల్వరు పెయింటు పూయడం, పిడులకు వార్నిషు కొట్టడం, ఈ మూడూ ధర తగ్గించేవే. తెలిసినవాడు రంగు చూడగానే దానికింద ఏదో దాచారనుకుంటాడు. బాడీ లోపల ఉన్న నల్లటి పూత ఫ్యాక్టరీది, దాన్ని జపానింగ్ అంటారు. అది ఎంత మిగిలి ఉంటే అంత విలువ. బూజు, మట్టి బ్రష్‌తో దులిపి, మెత్తటి గుడ్డను కుట్టుమిషన్ నూనెలో తడిపి తుడిచి వదిలేయండి. అంతే.

మీరే వాడుకోవాలనుకుంటే సంగతి వేరు. వేడి నీళ్ళలో నిమ్మ ఉప్పు కలిపి ఇనుప భాగాలు కొన్ని గంటలు నానబెడితే తుప్పు మెత్తబడి ఊడి వస్తుంది. పిడులు, ఇత్తడి సామాను ముందే తీసేయాలి. తీశాక సోడాఉప్పు నీళ్ళలో ముంచి, కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి. లేకపోతే ఒక పూటలోనే మళ్ళీ ఎర్రబడుతుంది. బాత్రూములు కడిగే యాసిడ్ జోలికి మాత్రం పోకండి. అది పోత ఇనుమును తినేస్తుంది, ఆ ఆవిరికే పక్కనున్న పనిముట్లు కూడా తుప్పు పడతాయి.

చెక్క తోపడలకు వస్తే, మీరు పంపిన వివరాల్లో వార్డ్ అండ్ పేన్, షెఫీల్డ్ అని బ్లేడు మీద ఉంది. మన ప్రాంతపు మేస్త్రులు బ్లేడు కొనుక్కుని, బాడీ తామే చెక్కుకునేవాళ్ళు. వేగిస, తుమ్మ లాంటి గట్టి కర్రతో చేసినవి నేను చాలా చూశాను. అందుకే బ్లేడు ఇంగ్లండుది, బాడీ మనది. బ్లేడు పదును ఏటవాలును బాగా రుద్ది వెలుతురులో చూడండి. రెండు రంగులు కనిపిస్తే, ఒక పక్క సన్నగా మెరిసే పొర, దాని వెనక మసక బూడిద రంగు మందం, అది మెత్తటి ఇనుము మీద ఉక్కు పొర అతికి కొట్టిన బ్లేడు. ఇవి ఎక్కువగా ఇరవయ్యో శతాబ్దం మొదటి సగం, అంతకుముందు కాలానివి. సాన పట్టడం సులువు, పదును బాగా నిలుస్తుంది. ఇంకో గుర్తు, చెక్క తోపడ పాత బ్లేడు పదును వైపు మందంగా, పై కొసకు వచ్చేసరికి పల్చగా ఉంటుంది. బిగించే చెక్క చీల జారకుండా అలా చేసేవాళ్ళు.

ఇలాంటి బ్లేడు కోసం వెతికే వాళ్ళున్నారు. బాడీకి పుచ్చు పట్టినా, నోరు అరిగి వెడల్పయినా బ్లేడు అమ్ముడుపోతుంది. కానీ బాడీ బాగుంటే రెండూ కలిపే అమ్మండి. చెయ్యి ఆనే చోట నున్నగా అరిగిన ఆ కర్రను ఇప్పుడు ఎవరూ చెక్కడం లేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి, అది మన జిల్లాలకే ప్రత్యేకం. చెక్క తోపడ బాడీ ముదురు ఎరుపులో ఉండి, మరీ బరువుగా ఉంటే ఎర్రచందనమేమో చూసుకోండి. శేషాచలం కొండలు పక్కనే ఉన్న చోట పాతకాలంలో దానితో పనిముట్లు చేసుకోకపోలేదు. ఇప్పుడు అనుమతి లేకుండా దాన్ని అమ్మడం, పార్సిల్ చేయడం నేరం. చిన్న ముక్కే కదా అని అనుకోవద్దు. అనుమానం ఉంటే అటవీ శాఖ కార్యాలయంలో చూపించి అడగండి, లేదా బ్లేడు ఒక్కటే అమ్మి బాడీ ఇంట్లో ఉంచుకోండి. విదేశాలకు పంపమని ఎవరైనా అడిగినా తొందరపడకండి. వందేళ్ళు దాటిన వస్తువులను దేశం దాటించడం మీద 1972 నాటి పురావస్తు చట్టం ఆంక్షలు పెడుతుంది, పురావస్తువు కాదని పురావస్తు శాఖ నుంచి పత్రం తీసుకోవాల్సి రావచ్చు. పాత స్టాన్లీల రోజ్‌వుడ్ పిడులతోనూ చిక్కే. బ్రెజిల్ రోజ్‌వుడ్ అంతర్జాతీయ వ్యాపారం మీద 1992 నుంచి నిషేధం ఉంది. దేశంలోనే కొనేవాళ్ళు దొరుకుతారు, అంత దూరం పోనక్కర్లేదు.

ధర విషయానికి వద్దాం. మీ దగ్గరకొచ్చినాయన వేసింది తూకం లెక్కకు కొంచెం పైన. నంబర్ 5 రెండు కిలోల పైచిలుకు, నంబర్ 4 కిలో ముప్పావు దాకా తూగుతాయి. గుజిరీ కొట్లో కిలోల లెక్కన చూస్తే ఆయన మాట ఉదారంగానే కనిపిస్తుంది. వాడేవాళ్ళ లెక్క వేరు. నా చేతుల మీదుగా నడిచిన బేరాలను బట్టి, పగులు లేకపోతే మీ నంబర్ 5కు మూడు వేల నుంచి నాలుగు వేలు, వెనక పిడి కొస విరిగిన నంబర్ 4కు పదిహేను వందల నుంచి రెండు వేలు, షెఫీల్డ్ బ్లేడున్న చెక్క తోపడకు వెయ్యి అటూఇటూ రావాలి. ఇది నా అంచనా మాత్రమే, ఊరిని బట్టీ కొనేవాడి అవసరాన్ని బట్టీ మారుతుంది. పిడి కొస విరగడం చాలా మామూలు, దానికోసం కొత్త పిడి చేయించి డబ్బు పెట్టకండి. విరిగిన ముక్క పెట్టెలో ఉంటే అదీ ఇవ్వండి, అతికించుకుంటారు.

పాతది అనగానే లక్షలు వస్తాయని కూడా ఆశ పెట్టుకోవద్దు. నంబర్ 4, 5 లక్షల్లో తయారయ్యాయి. నిజంగా పెద్ద ధర పలికేవి వేరే ఉన్నాయి. ఉక్కు పెట్టె లోపల రోజ్‌వుడ్ నింపి చేసిన ఇంగ్లండు, స్కాట్లండు తోపడలు, అంటే నోరిస్, స్పియర్స్ లాంటివి. వాటి అడుగు, చెంపలు కలిసే చోట పళ్ళలా ఒకదానిలో ఒకటి దిగిన అతుకులు కనిపిస్తాయి. ఇవి పదుల వేలల్లో ఉంటాయి. స్టాన్లీ 45 అని గాడులకూ నగిషీలకూ వచ్చే కూర్పు తోపడ ఉంది, దాని చిన్న బ్లేడ్లన్నీ పెట్టెతో సహా ఉంటే మంచి ధర, సగం పోతే ధరా సగం. ఇంకోవైపు, ఇత్తడితో కొత్తగా చేసి నల్లబరిచిన బొమ్మ తోపడలు పాతవని ఆన్‌లైన్లో అమ్ముతున్నారు. బ్లేడు మీద ఒక్కసారైనా సాన పట్టిన గుర్తు లేకపోతే, నోరు పొట్టు దూరేలా లేకపోతే అది షోకేసు బొమ్మే.

ఎవరికి అమ్మాలి? ఈ మధ్య మన మేస్త్రులంతా కరెంటు తోపడకు వెళ్ళిపోయారు కాబట్టి ఊళ్ళో అడిగితే ధర రాదు. కొనేది బెంగళూరు, చెన్నై, హైదరాబాదుల్లో సరదాకు వడ్రంగం నేర్చుకుంటున్న ఉద్యోగస్తులు. కొత్తగా దొరికే వాటిలో అడుగు చదునుగా లేక విసిగిపోయి పాత స్టాన్లీ, రికార్డుల కోసం చూస్తుంటారు. ఆన్‌లైన్ పాత సామాను పేజీల్లో, వడ్రంగం గ్రూపుల్లో పెట్టండి. శీర్షికలో కంపెనీ, నంబరు, దేశం రాయండి. ‘యాంటిక్’ అని ఒక్క మాట రాసి ఊరుకుంటే తెలిసినవాడు తెరిచి కూడా చూడడు. ఫొటోలు పగటి వెలుతురులో తీయండి: రెండు చెంపలు, అడుగు మొత్తం, నోరు దగ్గరగా, బ్లేడు తీసి ఫ్రాగ్ వెనక తేదీలు, బ్లేడు రెండు వైపులా, మరలన్నీ ఒక కాగితం మీద పరిచి. లోపాన్ని కూడా దగ్గరగా తీసి పెట్టండి. బేరం తర్వాత తగాదా రాదు.

పార్సిల్ చేసేటప్పుడు తోపడను బిగించి ఉన్నది ఉన్నట్టు డబ్బాలో పడేయకండి. దారిలో పగిలేవి ఎక్కువగా అలా పంపినవే. బ్లేడు తీసి, పదును అంచుకు మందపాటి అట్ట కట్టి విడిగా చుట్టండి. లివర్ క్యాప్ వదులు చేయండి. వెనక పిడి చుట్టూ పాత గుడ్డ గట్టిగా చుట్టి, బాడీని న్యూస్‌పేపర్లలో కదలకుండా ఇరికించండి. డబ్బా ఊపితే ఏదీ కదలకూడదు. బెంగళూరు, చెన్నైలకైతే ఆర్టీసీ కార్గోలో వేయొచ్చు, దూరం తక్కువ, చేతులు మారడం తక్కువ.

ఇక నగిషీ తీసే సన్న తోపడ. దాని ముందు కొస మీద, పిడి లేని చెక్క చివర, తయారీదారు ముద్ర ఉంటుంది, దాని పక్కనో కిందో వాడినవాళ్ళ పేర్లు. ముద్ర ఇంగ్లండుదైతే బాడీ బీచ్ కర్రతో, లేత గోధుమ రంగులో ఉంటుంది. ఆ కొసను పొడి గుడ్డతో మాత్రమే తుడిచి, పక్కనుంచి వెలుతురు పడేలా ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. అడుగు ఆకారం తెలిసేలా కొస వైపు నుంచి ఇంకొకటి. అవి చూశాక దాని కాలం, ధర రాస్తాను. అంతవరకు ఆ పాత సామాను ఆయనకు ఏ మాటా ఇవ్వకండి.